శనివారాల వీరుడు నూట్ రాక్నీ

మా బడి వార్షిక సంచికలో ప్రతి ఏడూ ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని పరిచయం చెయ్యడం ఆనవాయితీగా వస్తోంది. ఇంతవరకూ ఎక్కువగా మన దేశపు కవులనూ, సంఘసంస్కర్తలనూ, శాస్త్రవేత్తలనూ గురించే రాసుకున్నాం. ఈసారి పెద్ద తరగతుల పిల్లలు ఒక కోరిక కోరారు. తాము టీవీలో చూసే ఆట గురించి, తమ స్నేహితుల ఇళ్ళల్లో తాతల నాటి నుంచీ చెప్పుకునే మనిషి గురించి తెలుగులో చదవాలని ఉందన్నారు. బాగుందనిపించింది. అందుకే ఈ ఏడు కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో అందరికన్నా పెద్ద పేరు తెచ్చుకున్న శిక్షకుడు నూట్ రాక్నీ కథ చెప్పుకుందాం.

తల్లిదండ్రులలో చాలామందికి ఫుట్‌బాల్ అంటే ఇప్పటికీ కాలితో ఆడే ఆటే. చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆటకి ఆ పేరెందుకు పెట్టారో అని విసుక్కునేవారు మాలో కూడా ఉన్నారు. ఆట కిటుకు మాత్రం కబడ్డీ తెలిసినవారికి కొత్తేమీ కాదు. ఎదుటివాళ్ళ నేల మీదికి చొచ్చుకుపోవాలి, వాళ్ళు పట్టి పడేసేలోగా వీలైనంత ముందుకు వెళ్ళాలి. బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో పది గజాలు సాధిస్తే మళ్ళీ నాలుగు. సాధించలేకపోతే బంతి ఎదుటివారిది. దాడి చేసే పక్షాన్ని ఆఫెన్స్ అనీ, అడ్డుకునే పక్షాన్ని డిఫెన్స్ అనీ అంటారు. ఈ మాత్రం తెలిస్తే చాలు, మిగతా కథ సాఫీగా సాగిపోతుంది.

రాక్నీ అమెరికాలో పుట్టినవాడు కాదు. 1888 మార్చి 4న నార్వే దేశంలో వోస్ అనే ఊళ్ళో పుట్టాడు. అక్కడ ఆయన పేరు క్నూట్. ఇంటిపేరు రొక్నె. అమెరికా వచ్చాక ఇంటిపేరులో ఒక అక్షరం చేరింది, అసలు పేరులో మొదటి హల్లు జనం నోట అణిగిపోయింది. మన పిల్లల పేర్లు బడిలో మొదటిరోజు హాజరు పిలిచేటప్పుడు ఏమవుతాయో తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. తండ్రి లార్స్ గుర్రపుబగ్గీలు తయారుచేసే పనివాడు. 1893లో షికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకి తన బగ్గీతో వచ్చి, ఇక్కడే నిలదొక్కుకుని, భార్యాబిడ్డల్ని రప్పించుకున్నాడు. అదే ప్రదర్శన సందర్భంగా ఆ ఏడు సెప్టెంబరులోనే స్వామి వివేకానంద షికాగో సర్వమత సభలో ప్రసంగించారు. అప్పటికి రాక్నీకి ఐదేళ్ళు.

షికాగో వీధుల్లో ఖాళీ స్థలాల్లో పిల్లలంతా జట్లు కట్టి ఫుట్‌బాల్ ఆడేవారు. నార్వే, ఐర్లండ్, స్వీడన్ దేశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలే ఎక్కువ. ఒకసారి ఒళ్ళంతా దెబ్బలతో ఇంటికి వస్తే అమ్మానాన్నలు ఫుట్‌బాల్ మానిపించారు. బేస్‌బాల్ అయితే నెమ్మదైన ఆట, అది ఆడుకోమన్నారు. ఆ నెమ్మదైన ఆటలోనే బ్యాటు తగిలి ముక్కు విరిగింది. ఇక ఏ ఆటైనా ఒకటేనని వాదించి మళ్ళీ ఫుట్‌బాల్‌కి అనుమతి సంపాదించాడు. ఆ వంకర ముక్కు ఆయన ఫొటోలన్నిటిలోనూ కనబడుతుంది.

చదువు మాత్రం అంత సాఫీగా సాగలేదు. హైస్కూలు పూర్తి కాకుండానే బయటికొచ్చి, షికాగో పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి పంపే ఉద్యోగంలో చేరాడు. దాదాపు నాలుగేళ్ళు అక్కడే. జీతంలోంచి కొంచెం కొంచెం దాచి వెయ్యి డాలర్లు పోగయ్యాక కాలేజీలో చేరదామనుకున్నాడు. మొదట ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం మనసులో ఉంది. తనతోపాటు పరుగుపందాలు ఆడే స్నేహితులిద్దరు ఇండియానా రాష్ట్రంలో సౌత్ బెండ్ పక్కనున్న నోటర్ డామ్‌కి వెళుతున్నారు. అక్కడ ఖర్చు తక్కువ, చదువుకుంటూ పని చేసుకునే వీలు ఎక్కువ అని వాళ్ళు చెబితే అటు తిరిగాడు. అలా 1910లో, 22 ఏళ్ళ వయసులో, పలచబడుతున్న జుట్టుతో, తనకన్నా నాలుగేళ్ళు చిన్నవాళ్ళ మధ్య మొదటి సంవత్సరం విద్యార్థిగా కూర్చున్నాడు. అది క్యాథలిక్ సన్యాసులు నడిపే కాలేజీ. ఇతను లూథరన్ మతస్థుడు.

ఆలస్యంగా చదువు మొదలుపెట్టినవాళ్ళు సాధారణంగా వదిలేస్తారు, లేకపోతే కసిగా చదువుతారు. రాక్నీ రెండో రకం. రసాయనశాస్త్రం, ఫార్మసీ చదివి 1914లో ఉన్నత శ్రేణిలో పట్టా పుచ్చుకున్నాడు. ఫాదర్ జూలియస్ న్యూలండ్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేశాడు. అసిటిలీన్ వాయువు మీద ఆ ఆచార్యుడు చేసిన పరిశోధనలే తరవాత నియోప్రిన్ అనే కృత్రిమ రబ్బరుకి దారితీశాయి. కాలేజీ వాద్యబృందంలో వేణువు ఊదేవాడు. నాటకాలు వేసేవాడు. కర్ర ఊతంతో ఎగిరి దూకే పోల్ వాల్ట్‌లో కాలేజీకంతటికీ మేటి. ఆటలో పడితే చదువు పాడవుతుందని భయపడే మనలాంటి తల్లిదండ్రులు ఈ పేరా పిల్లలకు చదివి వినిపించుకోవచ్చు, పిల్లలు అదే పేరా మనకి తిరిగి వినిపిస్తారన్నది వేరే సంగతి.

ఇక అసలు కథ. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ మహా క్రూరమైన ఆట. ఆటగాళ్ళంతా ఒక ముద్దగా కలిసి, చేతులు పెనవేసుకుని, ఎదుటివారి మీద విరుచుకుపడేవారు. బలమే తప్ప తెలివికి పనిలేదు. 1905లో ఆడుతూ ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్ళ సంఖ్య దేశాన్ని కలవరపెట్టింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ అంతటివాడు ఆ అక్టోబరులో పెద్ద కాలేజీల వాళ్ళని వైట్ హౌస్‌కి పిలిపించి ఆటను బాగుచేసుకోమని చెప్పవలసి వచ్చింది. ఫలితంగా 1906లో నియమాలు మారాయి. బంతిని ముందుకు విసరడం, అంటే ఫార్వర్డ్ పాస్, మొట్టమొదటిసారి న్యాయసమ్మతమైంది. అయితే దానికి బోలెడు షరతులు పెట్టారు. గురి తప్పి ఎవరికీ తగలకుండా నేల మీద పడితే బంతి ఎదుటి జట్టుకే దక్కేది. 20 గజాలకు మించి విసరకూడదు. పైగా అప్పటి బంతి ఇప్పటిలా కోలగా ఉండేది కాదు, గుమ్మడికాయలా ఉబ్బుగా ఉండేది. అందుచేత పెద్ద కాలేజీలు ఈ కొత్త విద్యని పెద్దగా పట్టించుకోలేదు. 1912లో ఆ దూరపు హద్దు తీసేశారు.

1913 వేసవిలో రాక్నీ, ఆయన గదిలోనే ఉండే గస్ డోరైస్ అనే క్వార్టర్‌బ్యాక్, ఇద్దరూ ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున సీడర్ పాయింట్ అనే విహారస్థలంలో పనికి కుదిరారు. మన పిల్లలు రోలర్ కోస్టర్లు ఎక్కడానికి వెళ్ళే సీడర్ పాయింటే అది. పని లేని వేళల్లో ఇసుకలో పరుగెడుతూ, ఒకడు విసరడం, ఇంకొకడు పట్టుకోవడం, వేసవంతా అదే సాధన. అంతకుముందు బంతిని నిలబడి కడుపుకి ఆనించుకుని పట్టేవారు. రాక్నీ పరుగు ఆపకుండా, వేళ్ళతో, మెత్తగా అందుకోవడం సాధన చేశాడు.

ఆ ఏడు నవంబరు 1న వెస్ట్ పాయింట్‌లో సైనిక కళాశాల జట్టుతో ఆట. ఆ జట్టుని అందరూ ఆర్మీ అనే పిలుస్తారు. నోటర్ డామ్ ఎవరికీ అంతగా తెలియని చిన్న కాలేజీ. ప్రయాణ ఖర్చులకి ఆర్మీ వెయ్యి డాలర్లు ఇచ్చింది. పద్దెనిమిది మంది ఆటగాళ్ళు కాలేజీ వంటశాలలో కట్టించుకున్న రొట్టెలతో రైలెక్కారు. రాక్నీ జట్టు నాయకుడు. మొదట కొంతసేపు కుంటుతున్నట్టు నటించాడట. కుంటివాడిని ఎవరు కాపలా కాస్తారు? అదను చూసి ఒక్కసారిగా పరుగందుకున్నాడు, డోరైస్ విసిరాడు, ఎవరూ దగ్గర లేకుండా బంతి పట్టుకుని గీత దాటాడు. చుట్టూ ఉన్న జనం ఏం జరిగిందో అర్థంకాక నివ్వెరపోయారు. ఆట ముగిసేసరికి నోటర్ డామ్ 35, ఆర్మీ 13. మర్నాడు న్యూయార్క్ పత్రికలు ఈ ఆటతీరు గురించి రాసేదాకా తూర్పుతీరంలో చాలామందికి బంతి విసరడం ఒక ఆయుధమని తెలియదు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఫార్వర్డ్ పాస్‌ను కనిపెట్టింది రాక్నీయే అని ఇప్పటికీ చాలామంది అభిమానులు చెబుతుంటారు. అది నిజం కాదు. 1906లోనే సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం జట్టు, ఎడీ కోకెమ్స్ అనే శిక్షకుని ఆధ్వర్యంలో, న్యాయబద్ధంగా పాస్ విసిరింది. కనిపెట్టినవాడి కన్నా దేశమంతా చూసేలా ఆడి గెలిచినవాడికే పేరు దక్కడం ఆటల్లోనే కాదు, అన్నిచోట్లా ఉన్నదే. రాక్నీ కూడా తాను కనిపెట్టానని చెప్పుకోలేదు.

పట్టా చేతికొచ్చిన ఏడే సీడర్ పాయింట్ దగ్గరి సాండస్కీ ఊళ్ళో బోనీ స్కైల్స్‌ను పెళ్ళి చేసుకున్నాడు. వారికి నలుగురు పిల్లలు. రసాయనశాస్త్రం చెబుతూ, శిక్షకుడు జెస్సీ హార్పర్‌కు సహాయకుడిగా నాలుగేళ్ళు పనిచేశాడు. 1917 సీజన్ తరవాత హార్పర్ పశువుల క్షేత్రం చూసుకోవడానికి క్యాన్సస్ వెళ్ళిపోతూ తన స్థానానికి రాక్నీ పేరు సూచించాడు. మొదటి ఏడు, 1918లో, యుద్ధమూ ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారీ కలిసి ఆరు ఆటలే జరిగాయి. ఆ జట్టులో కర్లీ లాంబో అనే కుర్రవాడు ఒక్క ఏడాదే ఆడి ఇంటికి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుని స్థాపించినవారిలో అతనొకడు. 1919, 1920 రెండేళ్ళూ నోటర్ డామ్ ఒక్క ఆట ఓడలేదు.

ఆయన ఆఫెన్స్ గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పాత అభిమానులు ఇద్దరు కలిస్తే మాట్లాడుకునేది దాని గురించే. వెనక నిలబడే నలుగురు ఆటగాళ్ళు మొదట ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో నిలబడతారు. సంకేతం వినగానే నలుగురూ ఒకే తాళానికి అడుగులు వేసినట్టు కుడికో ఎడమకో గెంతి, నాలుగు మూలల పెట్టెలా ఏర్పడతారు. కాళ్ళు నేల తాకిన మరుక్షణం బంతి కదులుతుంది. ఎదుటివాళ్ళు ఎటు జరగాలో ఆలోచించుకునే లోపల ఒకవైపున ఆఫెన్స్ బలం ఎక్కువై ఉంటుంది. దీన్నే నోటర్ డామ్ షిఫ్ట్ అన్నారు. దీని మూలం షికాగో విశ్వవిద్యాలయంలో హార్పర్‌కి ఆట నేర్పిన ఏమస్ అలొంజో స్టాగ్ దగ్గరుంది. దాన్ని గడియారంలా నడిపించింది రాక్నీ. నాట్యకత్తెల అడుగులు చూసి తాళం పట్టుకున్నాడని ఒక కథ కూడా ఉంది. లావుపాటి వస్తాదులు అక్కర్లేదు, చురుకైన కుర్రాళ్ళు చాలు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నమాట. దీన్ని ఎదుర్కోలేక మిగతా కాలేజీలు గోల పెడితే, గెంతిన తరవాత పూర్తిగా ఒక క్షణం ఆగి తీరాలని నియమం తెచ్చారు. అయినా నోటర్ డామ్ గెలుస్తూనే ఉంది. ఇవాళ టీవీలో బంతి కదిలే ముందు ఆటగాళ్ళు అటూ ఇటూ మారుతుంటే, మా పిల్లలకు ఆ పాత షిఫ్ట్ మునిమనవణ్ణి చూడమని చెబుతుంటాం.

ఆయన మరో అలవాటు, మొదట రెండో జట్టుని ఆటలోకి దింపడం. వాళ్ళు ఎదుటివారిని కొంతసేపు అలసిపోయేలా చేశాక, తాజాగా ఉన్న అసలు జట్టు దిగేది. ఈ రెండో జట్టువాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు. దెబ్బలు మాత్రం వాళ్ళవే.

అసలు జట్టు పేరు మాత్రం నూరేళ్ళయినా మాసిపోలేదు. హ్యారీ స్టూల్‌డ్రెహర్, జిమ్ క్రౌలీ, డాన్ మిల్లర్, ఎల్మర్ లేడన్. నలుగురిలో ఒక్కడూ ఆరడుగుల పైన లేడు. బరువు 160 పౌండ్లకు అటూ ఇటూ. 1924 అక్టోబరు 18న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో ఆర్మీని 13-7తో ఓడించినప్పుడు, గ్రాంట్‌లండ్ రైస్ అనే విలేఖరి వాళ్ళను బైబిల్లోని ప్రళయకాలపు నలుగురు గుర్రపురౌతులతో పోల్చి రాశాడు. ఊరికి తిరిగి రాగానే జట్టు ప్రచారం చూసే విద్యార్థి జార్జ్ స్ట్రిక్లర్ నాలుగు గుర్రాలు తెప్పించి, వాటి మీద ఈ నలుగురినీ కూర్చోబెట్టి ఫొటో తీయించాడు. దేశమంతా ఆ ఫొటో అచ్చయింది. వాళ్ళకి దారి చేసి పెట్టిన ముందు వరస ఏడుగురూ తమను తాము ఏడు కంచరగాడిదలమని చెప్పుకుని నవ్వుకునేవారు. ఆ ఏడు పదికి పది ఆటలూ గెలిచారు. చివరిది 1925 జనవరి 1న క్యాలిఫోర్నియాలో రోజ్ బౌల్. పాప్ వార్నర్ శిక్షణలోని స్టాన్‌ఫర్డ్ మీద 27-10. లేడన్ ఎదుటివారి పాస్‌లు రెండు మధ్యలో అందుకుని రెండుసార్లు గీత దాటించాడు.

ఆ 1924వ సంవత్సరాన్ని కొంచెం ఆగి చూడాలి. ఇండియానా రాష్ట్రంలో కూ క్లక్స్ క్లాన్ బలం అప్పుడు ఉచ్చస్థితిలో ఉంది. నల్లవారినే కాదు, క్యాథలిక్కులనూ, యూదులనూ, పరాయిదేశాల నుంచి వచ్చినవారినీ వాళ్ళు ద్వేషించారు. మే 17న సౌత్ బెండ్‌లో క్లాన్ సభ పెట్టబోతే నోటర్ డామ్ విద్యార్థులు ఊళ్ళోకి వెళ్ళి వాళ్ళతో కలబడ్డారు. రెండు రోజుల తరవాత మళ్ళీ గొడవ రేగితే కాలేజీ అధ్యక్షుడు ఫాదర్ వాల్ష్ స్వయంగా వచ్చి, నచ్చజెప్పి, పిల్లల్ని వెనక్కి తీసుకుపోయాడు. అదే నెల 26న కొత్త వలస చట్టం మీద సంతకం పడింది. దక్షిణ, తూర్పు ఐరోపా వారి రాకను బాగా తగ్గించి, మన దేశంతో సహా ఆసియా వారికి తలుపులు మూసేసిన చట్టం అది. 1965లో ఆ పద్ధతి మారింది కాబట్టే మన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. అటువంటి ఏడాదిలో, చాలామంది అమెరికన్లు పలకలేని ఇంటిపేర్లున్న కుర్రాళ్ళు, నార్వే నుంచి వచ్చిన ఒక శిక్షకుని కింద, దేశంలో ఎవరి చేతిలోనూ ఓడకుండా నిలిచారు. వలస వచ్చినవాళ్ళు, నోటర్ డామ్ గడప ఎన్నడూ తొక్కనివాళ్ళు, రైళ్ళలో, మిల్లుల్లో ఆ జట్టు గెలుపుని తమ గెలుపుగా చెప్పుకున్నారు. చుట్టుపక్కల పెద్ద విశ్వవిద్యాలయాల సంఘం నోటర్ డామ్‌ను చేర్చుకోవడానికి ఒప్పుకోలేదు. దాంతో జట్టు రైలెక్కి తూర్పు నుంచి పడమర దాకా ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్ళి ఆడింది. చేర్చుకుని ఉంటే అది ఒక ప్రాంతపు జట్టుగా మిగిలిపోయేదేమో!

రాక్నీ గొప్పవాడే గానీ దేవుడు కాడు. మాటల్లో వెటకారం ఎక్కువ. కుర్రాళ్ళను ఉడికించడానికి ఎంతకైనా తెగించేవాడు. 1922లో జార్జియా టెక్‌తో ఆటకు ముందు తన చిన్న కొడుకు బిల్లీ ఆసుపత్రిలో ఉన్నాడని, గెలవమని కోరుతున్నాడని తంతి వచ్చినట్టు కళ్ళనీళ్ళతో చెప్పాడు. కుర్రాళ్ళు ప్రాణాలొడ్డి గెలిచారు. తిరిగి వచ్చి రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద బిల్లీ నిక్షేపంలా గెంతుతూ ఉన్నాడు! 1925 డిసెంబరులో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళడానికి ఒప్పుకుని, విషయం పత్రికలకు పొక్కగానే వెనక్కి తగ్గాడు. అన్నిటికన్నా పెద్ద పొరపాటు 1926లో. నోటర్ డామ్ వరసగా ఎనిమిది ఆటలు గెలిచి ఉంది. తొమ్మిదోది పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ టెక్‌తో. అది సులువైన ఆటేనని జట్టును సహాయకుడికి అప్పగించి, తాను షికాగోలో ఆర్మీ, నేవీ జట్ల ఆట చూడటానికి వెళ్ళాడు. కార్నెగీ టెక్ 19-0తో ఓడించింది. ఆ ఏడు జాతీయ ఛాంపియన్ కాగలిగిన జట్టు అలా చేజార్చుకుంది. పాత అభిమానులు గెలిచిన వంద ఆటలు మరిచిపోయినా దీన్ని మరవరు.

జార్జ్ గిప్ సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. మిషిగన్ రాష్ట్రపు గనుల ప్రాంతంలో లారియం అనే ఊరివాడు. బేస్‌బాల్ ఆడదామని 1916లో వచ్చాడు. అతను సరదాగా బంతి తన్నుతుంటే రాక్నీ కంటపడి ఫుట్‌బాల్‌లోకి వచ్చాడు. పరుగు, పాస్, తన్ను, మూడింటిలోనూ అతనికి సాటిలేదు. అయితే క్లాసులకు ఎగనామం, పేకాట, పందాలు. 1920లో కాలేజీ నుంచి తీసేసి మళ్ళీ చేర్చుకున్నారు. ఆ ఏడాది సీజన్ చివర్లో గొంతుకు సోకిన వ్యాధి న్యుమోనియాగా ముదిరింది. పెనిసిలిన్ ఇంకా కనిపెట్టని కాలం. డిసెంబరు 14న, 25 ఏళ్ళకే చనిపోయాడు. ఎనిమిదేళ్ళ తరవాత, 1928 నవంబరు 10న, యాంకీ స్టేడియంలో ఆర్మీతో ఆట. నోటర్ డామ్ అప్పటికే రెండు ఓడి ఉంది, చాలామందికి దెబ్బలు. రాక్నీ జట్టును కూర్చోబెట్టి, గిప్ చనిపోయే ముందు తనను ఒక మాట అడిగాడని, ఎప్పుడైనా జట్టు కష్టంలో ఉంటే తనకోసం ఒక్క ఆట గెలవమని కుర్రాళ్ళకు చెప్పమన్నాడని చెప్పాడు. కుర్రాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ మైదానంలోకి వెళ్ళి 12-6తో గెలిచారు. గిప్ నిజంగా ఆ మాట అన్నాడా? బిల్లీ కథ తెలిసినవారికి అనుమానం రాక మానదు. చరిత్రకారులు కూడా తేల్చలేకపోయారు. మా అభిప్రాయం అడిగితే, అబద్ధమైనా కుర్రాళ్ళు పడిన బాధ అబద్ధం కాదు. ఆ ఏడు మొత్తం మీద ఐదు గెలిచి నాలుగు ఓడారు. రాక్నీ శిక్షణలో అదే అతి తక్కువ ఫలితం.

మరుసటి సంవత్సరం కాలేజీకి సొంత మైదానం లేదు. పాత కార్టియర్ ఫీల్డ్ చెక్క మెట్లు చాలక, కొత్త స్టేడియం కట్టించమని రాక్నీ ఏళ్ళ తరబడి పోరితే అప్పటికి పని మొదలైంది. అందుచేత 1929లో తొమ్మిది ఆటలూ పరాయి ఊళ్ళలోనే. పైగా రాక్నీ కాలి సిరలో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికొచ్చింది. కదలొద్దని డాక్టర్లు అంటే వినక, చక్రాల కుర్చీలో కూర్చుని శిక్షణ ఇచ్చాడు. తొమ్మిదీ గెలిచారు. 1930 అక్టోబరులో కొత్త స్టేడియం తెరిచారు. దాని నక్షా నుంచి బళ్ళు నిలిపే చోటు దాకా అన్నీ ఆయన పట్టించుకున్నవే. కార్టియర్ ఫీల్డ్ పచ్చిక పెళ్ళగించి తెచ్చి కొత్త మైదానంలో పరిపించాడు. ఆ ఏడు పదికి పది గెలుపులు. డిసెంబరు 6న లాస్ ఏంజెలెస్‌లో సదరన్ క్యాలిఫోర్నియా మీద 27-0. కాలేజీ సీజన్లలో అదే ఆయన చివరి ఆట. కొత్త స్టేడియంలో ఆయనకు దక్కింది ఒక్క సీజనే. పదమూడేళ్ళలో 105 గెలుపులు, 12 ఓటములు, 5 సమానం.

1931 మార్చి 31. తన జట్టు మీద తీస్తున్న సినిమా పని మీద రాక్నీ లాస్ ఏంజెలెస్ బయలుదేరాడు. పెద్ద కొడుకులిద్దరూ క్యాన్సస్ సిటీలో బడిలో ఉంటున్నారు. సెలవుల నుంచి తిరిగి వస్తున్న వాళ్ళను స్టేషన్లో చూసి వెళదామనుకున్నాడు. రైలు ఆలస్యమైంది. విమానానికి వేళ మించిపోతుంటే చూడకుండానే వెళ్ళాడు. ఆ ఉదయం క్యాన్సస్ పచ్చిక గుట్టల మీద, బజార్ అనే చిన్న ఊరి దగ్గర, ఆ ఫోకర్ విమానం రెక్క ఊడిపోయింది. ఎనిమిదిమందీ చనిపోయారు. రాక్నీ వయసు 43.

అధ్యక్షుడు హూవర్ దీన్ని దేశానికే నష్టమన్నాడు. నార్వే రాజు తన ప్రతినిధిని పంపాడు. అంత్యక్రియలు రేడియోలో దేశమంతా విన్నది. ఆయన 1925లో క్యాథలిక్ మతం తీసుకున్నాడు కాబట్టి కాలేజీలోని చర్చిలోనే ప్రార్థనలు జరిగాయి. స్టూడిబేకర్ కంపెనీ రాక్నీ పేరుతో 1932లో ఒక కారు తెచ్చింది గానీ, మాంద్యం రోజుల్లో అది ఎక్కువకాలం నిలవలేదు. 1940లో వచ్చిన ఆయన జీవితచిత్రంలో గిప్ వేషం వేసిన నటుడు రోనల్డ్ రీగన్. ఆయనే అధ్యక్షుడయ్యాక, 1988 మార్చిలో నోటర్ డామ్‌కి వెళ్ళి రాక్నీ తపాలా బిళ్ళ విడుదల చేశాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి బొమ్మ ఉత్తరాల మీదికెక్కింది.

ఇంతకీ ఆ విమానం రెక్క చెక్కతో చేసినది. జిగురుతో అతికించిన చెక్క లోపలికి తేమ దిగి బలహీనపడింది. బయటి నుంచి చూస్తే తెలియదు. అంతవరకూ ప్రమాదాల విచారణ వివరాలు ప్రభుత్వం బయటపెట్టేది కాదు. పోయినవాడు రాక్నీ కావడంతో జనం ఊరుకోలేదు. కారణం చెప్పక తప్పలేదు. ఆ రకం విమానాలను కొంతకాలం నేల మీదే ఉంచేశారు. విమాన సంస్థలు లోహపు విమానాల వైపు తిరిగాయి. ఆ దారిలోనే డగ్లస్ కంపెనీ 1933లో డీసీ-1, దాని వెనక డీసీ-2, డీసీ-3 తయారుచేసింది. ఎండాకాలం సెలవులకు హైదరాబాదు వెళ్ళే మన పిల్లలు ఎక్కే విమానాలకి ఆ డీసీ-3 ముత్తాత వరస.

విమానం కూలినచోటికి ముందుగా పరుగెత్తుకొచ్చినవారిలో చుట్టుపక్కల పొలాలకు చెందిన 13 ఏళ్ళ పిల్లవాడొకడున్నాడు. అక్కడ తరవాత ఒక స్మారకశిల నిలిపారు. పశువులు మేసే సొంత భూముల మధ్య ఉంది, దారి తెలియనివారికి దొరకదు. ఆ పిల్లవాడు పెద్దవాడై, ముసలివాడై, 2008లో చనిపోయేదాకా, ఎక్కడెక్కడి నుంచో వచ్చే అభిమానులను దగ్గరుండి ఆ రాయి దాకా తీసుకువెళ్ళి చూపించేవాడు.